వీరనారికి మగవేషమేల?

ఇటీవల మా మిత్రులొకరి యింట జరిగిన ప్రసంగమే యీ వ్యాసమునకు హేతువు. వారు విద్యావంతులు, స్త్రీవిద్య విషయమున మాకంటె నొక యడుగు ముందున్నవారే. వారి కుమార్తె ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువుచున్నది. మేము పోవునప్పటికి ఆమె ముందుగదిలో కూర్చుండి లావుపాటి బొమ్మలకథల పుస్తకమొకటి చదువుకొనుచుండెను. తెఱచియున్న పుటలో సేనాధిపతి యుడుపులు ధరించి, మొలను కత్తి వ్రేలాడ, పొడుగాటి బంగారువన్నె జుట్టుతో నిలిచిన యొక వ్యక్తి బొమ్మ కనబడినది. "ఈ దొరబిడ్డ ఎవరమ్మా?" యని యడిగితిమి. "దొరబిడ్డే గాని మగబిడ్డ కాదు మాస్టారూ, ఆడమనిషి. పేరు ఆస్కార్" అని యామె నవ్వినది.

అక్కడ నున్న పెద్దలొకరు ముఖము చిట్లించి, ఆడుదానికి మగవేషము కట్టిన యిట్టి బొమ్మలు పిల్లల చేతికి రాదగవనిరి. సంస్కారప్రియులగు మఱియొక మిత్రులు వెంటనే లేచి, స్త్రీ పురుషునివలె నుడుపు తొడిగి పురుషునివలె నడచిననాడే ఆమెకు విముక్తి యని వాదించిరి. గృహస్థు ఇరువురిని సమాధానపఱచ నెంచి, "మా అమ్మాయి సంగతి వేఱు లెండి. అది మాకు కూతురు కాదు, కొడుకే" అనెను. అంతట నా బాలిక పుస్తకము మూసి, "అయితే మఱి రక్షణ అకాడమీ పరీక్షకు దరఖాస్తు పెట్టనీయరేం నాన్నా?" యని యడిగినది. బదులు రాలేదు; కాఫీలు వచ్చినవి.

ఆ రాని బదులునుగూర్చియే మేమిప్పుడు వ్రాయబూనితిమి. పెద్దలు చేసిన యాక్షేపణయును, సంస్కర్త చేసిన మెప్పును, తండ్రి చూపిన ముద్దును, మూడును ఒక్క పొరపాటునుండియే పుట్టినవని మా యభిప్రాయము. ధైర్యము మగవాని సొత్తనుటయే యా పొరపాటు. పెద్దలు ఆ సొత్తును స్త్రీ దొంగిలినదని కోపించిరి. సంస్కర్త దొంగిలినందులకు సంతోషించెను. తండ్రి ఆ సొత్తును ముద్దుగా కూతునకు అరువిచ్చెను. సొత్తు ఎవరిదని అడిగినవారు లేరు.

జపానువారు చిత్రకథలను మాంగా యందురు. మనలో బొమ్మలకథ యనగానే పసిపిల్లల కాలక్షేపమని తలచుట వాడుక. ఆ దేశమున నట్లుగాదు. బాలురకు వేఱు, బాలికలకు వేఱు, పెద్దలకు వేఱుగా పత్రికలు గలవు. వానిలో చరిత్రమును వస్తువుగా గొని వేలకొలది పుటలు వ్రాసి గీసిన స్త్రీలు పలువురు గలరు. మా మిత్రుల కుమార్తె చేతనున్నది అట్టి గ్రంథమే. పేరు ‘వెర్సాయి గులాబి’. కర్త ఇకెదా రియోకో. 1972 మే మొదలు 1973 చివరివఱకు ‘మార్గరెట్’ అను బాలికల వారపత్రికలో నది వెలువడినది. ఆరంభించునాటికి ఇకెదాకు ఇరువదినాలుగేండ్లు. స్టెఫాన్ జ్వైగ్ 1932లో వ్రాసిన ఫ్రెంచిరాణి మేరీ ఆంట్వానెట్ జీవితచరిత్రము చదివి ఆమె యీ రచనకు పూనుకొన్నది. చరిత్రకథ ఆడపిల్లలకు రుచింపదని పత్రికవారు సందేహించిరట. ఆడపిల్లలు చదివిరి, చదివి వలవల నేడ్చిరి, తమ కూతులచేతను చదివించిరి.

కథలో రాణియు, ఆమె ప్రియుడగు స్వీడను దేశీయుడు ఫెర్సెనును చారిత్రకులు. ఆస్కారు కల్పితపాత్ర. జార్జే వంశపు సేనానికి వరుసగా కుమార్తెలే కలుగగా, ఆఱవ కుమార్తెకు మగపేరు పెట్టి, కత్తిసాము నేర్పి, కుమారునిగా పెంచును. ఆమె రాజరక్షకదళమున కధిపతియగును. పారిసు వీథులలో ప్రజల యాకలిని జూచి మనసు మారి, ఆ కొలువు విడిచి సామాన్యసైనికులుండు ఫ్రెంచిరక్షకసేనకు నాయకత్వము వహించును. 1789 జూలైలో తన సైనికులతో ప్రజలపక్షము చేరి, 14వ తేదీన బాస్టీలు కోట ముట్టడిలో ప్రాణములు విడుచును. ఆ సేనలోని సైనికులు ప్రజలతో గలసి కోటమీద ఫిరంగు లెక్కుపెట్టినది చరిత్రమే. వారి ముందు నిలిచిన స్త్రీ మాత్రము ఇకెదా కల్పన.

ఇక పెద్దల యాక్షేపణకు వత్తము. వేషము మార్చుటయే దోషమందురా? విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నల యయ్యెను. ఆ పర్వము చదివినచో వానలు కురియునని మనవారు చదివించిరే గాని, పిల్లలు చెడుదురని దాచిపెట్టలేదు. కూచిపూడి భాగవతులలో తరతరములుగా సత్యభామ వేషము గట్టినవారు పురుషులే. స్థానం నరసింహారావుగారు సత్యభామయై రంగమెక్కగా, ఆ నడకను ఆ నిలుకడను జూచి కులస్త్రీలు నేర్చుకొనిరని మన తాతలు మురియుచు చెప్పుకొనిరి. జపానులోను ఇదే తీరు. 1629లో ప్రభుత్వము స్త్రీలను కబుకి రంగమునుండి వెడలగొట్టినది. నాటినుండి పురుషులే స్త్రీపాత్రలు ధరించి దానినొక మహావిద్యగా పెంచిరి. వారికి గౌరవమే గాని నింద లేదు. 1913లో కొబయాషి ఇచిజో యను వర్తకుడు తకరజుకా యను నూరిలో బాలికలతోనే యొక సమాజమును నెలకొల్పగా, అందు పురుషపాత్రలనుగూడ స్త్రీలే ధరింపవలసివచ్చినది. ఆస్కారు పాత్ర 1974లో నా రంగముమీదికే యెక్కినది. కావున పురుషుడు స్త్రీ వేషము ధరించిన కళ, స్త్రీ పురుషవేషము ధరించిన కలికాలము అను న్యాయము మాకు బోధపడకున్నది.

బోధపడకున్నదని మర్యాదకై యంటిమి గాని, చక్కగా బోధపడినది. పురుషుడు చీర గట్టినచో వాని హక్కులేవియు పోవు. రంగము దిగి యుత్తరీయము వేసికొనగానే మరల గృహయజమాని. స్త్రీ మగయుడుపు తొడిగినచో నా యుడుపుతోగూడ గుఱ్ఱము, కత్తి, వీథి, కొలువు, మాట చెల్లుబడి యన్నియు వెంట వచ్చును. పెద్దలకు భయము గుడ్డనుగూర్చి కాదు, దానివెంట వచ్చువానినిగూర్చి.

ఇందులకు చరిత్రమే సాక్షి. పల్లెపడుచు జోన్ 1429లో ఓర్లియా నగరమును శత్రువుల ముట్టడినుండి విడిపించినది. 1431లో ఆమెపై నడచిన విచారణలో పురుషవస్త్రధారణము ఘోరాపరాధములలో నొకటి. బెదరించి యొకమాఱు మాన్పించిరి. చెఱలో ఆమె మరల మగయుడుపు తొడిగినది. అదియే పునఃపాతకమని యెంచి ఆ యేడు మే 30న రువా నగరపు సంతబయలులో సజీవముగా కాల్చిరి. ఇరువదియైదేండ్లకు తీర్పు తప్పని కొట్టివేసిరి. 1920లో పునీతురాలని పీఠమెక్కించిరి. యసుహికో యోషికజు యను చిత్రకారుడు 1995-96లలో నీ కథను మాంగాగా రచించుచు, జోన్ మరణించిన కొన్నియేండ్లకు ఆమె నడచిన త్రోవవెంట సాగిపోవు ఎమీలు అను నొక కల్పితబాలికను మన కన్నులయెదుట నిలిపెను. ఆమెయు మగవానిగా పెంపబడినదే. ఆస్కారు నెత్తురు చిందించిన పారిసులోనే 1800లో పోలీసు అధికారులు, మగయుడుపు ధరింపగోరు స్త్రీ తమ యనుజ్ఞాపత్రము పొందవలెనని శాసించిరి. ఆ శాసనము చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వము స్పష్టముగా ప్రకటించినది 2013లో. గుడ్డకింత కాపలా యెవరైన పెట్టుదురా?

పెద్దల పని యింతటితో ముగిసినది. మా వాదము నిజమునకు మా పక్షమువారితోనే. సంస్కారప్రియుడగు మిత్రుడు ఆస్కారు ఉడుపునుజూచి చప్పట్లు కొట్టెను. ఆ చప్పట్లలో మాకొక యపశ్రుతి వినవచ్చినది.

మాంగాలోని మగవేషపు కన్యలలో ఆస్కారుకు ముందు పుట్టిన యక్కగారొకతె యున్నది. తెజుకా ఒసాము 1953లో బాలికలపత్రికలో నారంభించిన కథలోని రాకుమారి సఫైరు. తెజుకా తకరజుకాలో పెరిగినవాడు. తల్లి వెంట ఆ నాటకములు చూచినవాడు. సఫైరు చారిత్రకవ్యక్తి గాదు, కట్టుకథలోని కన్య. ఐనను తరువాతి వీరాంగనలందఱి యచ్చు ఆమెయే గావున చెప్పవలసివచ్చినది. పుట్టుకకు ముందు ఒక దేవబాలుడు కొంటెతనముచే నామెకు ఆడుగుండెతోబాటు మగగుండెనుగూడ నొసగును. మగవాడే రాజు గావలెనను కట్టుబాటున్న రాజ్యము గావున తలిదండ్రులామెను రాకుమారుడని చాటి పెంతురు. కథ మనోహరము, కాని యా పంపకము చూడుడు. కత్తిసాము, సాహసము మగగుండె పాలు. సౌకుమార్యము, ప్రేమ ఆడుగుండె పాలు. ఒక్క శరీరములోనే అడ్డుగోడ కట్టి, స్త్రీ సాహసించినప్పుడెల్ల అది ఆమెది కాదు, లోపలనున్న మగవానిదని లెక్క వ్రాసిరి. తుదకు పెండ్లితో కథ ముగియును. స్త్రీకి శౌర్యమిచ్చినట్లే యిచ్చి, చీటీ మాత్రము మగవాని పేర వ్రాసిన దానమిది.

ఇకెదా యీ లెక్కను కొట్టివేసినది గనుకనే ఆమె గ్రంథము గొప్పది; అంతియే గాని ఆస్కారుకు కత్తి కట్టినందులకు గాదు. తండ్రి, దేశమున కలవరము ముదురుట చూచి భయపడి, ఇన్నాళ్లు కొడుకుగా పెంచిన కూతునకు పెండ్లి చేసి యింట కూర్చుండబెట్టదలచిన ఘట్టమొకటి యందు గలదు. చదువరులు దానిని నిదానించి చదువవలెను. కొడుకుతనము తండ్రి యిచ్చిన వరము గావున తండ్రియే తీసికొనవచ్చుననుట ఆ ఘట్టపు రహస్యము. ఆస్కారు పెండ్లి నొల్లదు. కాని తండ్రిని నిందింపదు. స్త్రీయై పుట్టియు విశాలమగు లోకమును జూచుటకు, మనుష్యవ్యక్తిగా బ్రదుకుటకు దారి చూపితిరని కృతజ్ఞత దెల్పును. ఆమె నోట వచ్చినది ‘మగవానిగా’ అనుమాట కాదు, ‘మనుష్యవ్యక్తిగా’ అనుమాట. ఇది మొదలు ఆమె బిరుదులను, వంశమును, కొలువును ఒక్కొక్కటిగా విడిచిపెట్టును. తండ్రి యాజ్ఞచే నెత్తిన కత్తిని తుదకు తన యిచ్ఛచే నెత్తును. చప్పట్లు కొట్టవలసినది అక్కడ.

ఉడుపే విముక్తియగునేని ఆ విప్లవచరిత్రమే యెదురు సాక్ష్యము చెప్పును. 1789 అక్టోబరు 5న పారిసు సంతలో చేపలు, కూరలు అమ్ముకొను స్త్రీలు వేలకొలదిగా, వానలో తడియుచు, లంగాలతోనే, చేతికి దొరకిన కత్తులు బరిసెలు పట్టుకొని వెర్సాయికి నడచిరి; రొట్టె యడుగబోయినవారు మఱునాడు రాజకుటుంబమునే పారిసుకు తోడ్కొనివచ్చిరి. వారిలో నెవ్వరికిని మగపేరు లేదు. ఒలింప్ ద గూజ్ అను రచయిత్రి 1791లో స్త్రీల హక్కులప్రకటనము వెలువరించినది; ఆమెయు స్త్రీగానే వ్రాసినది, స్త్రీగానే 1793 నవంబరు 3న శిరచ్ఛేదయంత్రము నెక్కినది. దానికి కొలది దినములకు ముందే ఆ ప్రజాప్రభుత్వము స్త్రీల సంఘముల నన్నిటిని నిషేధించియుండెను. ఆస్కారు ప్రాణమిచ్చిన దేశములో స్త్రీకి ఓటుహక్కు 1944లో గాని రాలేదు. నూటయేబదియైదేండ్లు! స్త్రీలు మగవేషము వేయకపోవుటచే నీ యాలస్యము గాలేదు. స్త్రీ స్త్రీగా నుండి పౌరురాలు గాగలదని పురుషులు ఒప్పుకొనకపోవుటచే నయినది.

జపాను చరిత్రమునే చూతము. పండ్రెండవ శతాబ్దపు యుద్ధములను గానముచేసిన హెయికె కథలో తోమొయె గోజెన్ అను వీరనారి యున్నది. ఆమె తెల్లని మేనిచాయను, పొడవైన కేశములను, సౌందర్యమును వర్ణించిన నోటితోనే కవి, ఆమె వేయిమందికి సమానమగు యోధురాలనియు, మదించిన గుఱ్ఱముల నదుపు చేయుటలో నేర్పరి యనియు చెప్పినాడు. ఆ రెంటికి విరోధమున్నదని అతనికి తోచలేదు. కవచము తొడిగినది, యుద్ధమునకు కావలసి, మగవాడనిపించుకొనుటకు గాదు. 1184లో అవజు యుద్ధమున ప్రభువగు కిసొ యోషినాక కడపటి కొలదిమందితో మిగిలినప్పుడు ఆమెను వెళ్లిపొమ్మనెను. కారణమేమి? చావుదినమున స్త్రీ వెంటనున్నదని లోకులనుకొన్న తనకు అప్రతిష్ఠ యట! ఆమె తడవు నిలిచి, బలవంతుడగు శత్రువునొకని వెదకి వాని తల దునిమి, పిమ్మట కవచము విడిచి తొలగిపోయినది. ఓడినది ఆమె భుజబలము గాదు, అతని ప్రతిష్ఠ. దాదాపు ఏడునూఱేండ్లు గడచి, 1868లో ఐజు కోట ముట్టడిలో నకానొ తకేకొ యను యువతి పొడవుపిడి గల నగినాట యను నాయుధముతో స్త్రీలదళమును నడిపి తుపాకిగుండుకు కూలినది. ఆ దళమును సేనలో భాగముగా నధికారు లంగీకరింపలేదు. ‘జోషితాయ్’, అనగా స్త్రీలదళము, అను పేరు తరువాతివారు పెట్టినది. చిత్రకథకులారా, స్త్రీ శౌర్యమునకు మీ దేశమున వస్తువు కఱవు లేదు.

ఐనను కఱవున్నట్లు నటించుచు కొందఱు చరిత్రపురుషులనే స్త్రీలుగా మార్చుచున్నారు. ఈ మార్పులో రెండు తెఱగులు గలవు. రెంటిని ఒకే గాటగట్టరాదు. మొదటిది అంగడి తెఱగు. 2000లో మొదలైన ‘ఇక్కిటోసెన్’ వంటి కథలలో చీనాదేశపు మూడు రాజ్యముల వీరుల పేర్లు పాఠశాలబాలికలకు పెట్టి, వారు కొట్టుకొనునప్పుడెల్ల గుడ్డలు చినుగునట్లు గీసిరి. ఇందు స్త్రీకి వీరునిపేరు దక్కినది, వీరుని గౌరవము దక్కలేదు. ఇట్టి పుస్తకమును పెద్దలు పిల్లల చేతినుండి లాగికొనిన మేము వారి పక్షమే. ఆస్కారు మెడవఱకు బొత్తాములు పెట్టుకొనియున్నది. ఆమెమీద కోపించి వీనిని చూడక విడిచిపెట్టుట మాత్రము వింత.

రెండవది ఆలోచన తెఱగు. హిగషిమురా అకికొ 2015 మొదలు 2020 వఱకు రచించిన ‘యుకిబానా నో టోరా’లో పదునాఱవ శతాబ్దపు మహాయోధుడు ఉయెసుగి కెన్షిన్ స్త్రీయే. కెన్షిన్ స్త్రీయని 1960వ దశకమున నొక నవలాకారుడు వాదించెను. చరిత్రకారులు దాని నంగీకరింపలేదు. పెండ్లాడని వీరుడు గావున స్త్రీ యైయుండునను నూహలో మాకు నమ్మకము లేదు. కాని కథగా దాని కొక ప్రయోజనము గలదు. కొడుకుకై యెదురుచూచు తండ్రికి కూతురు పుట్టుట, ఆమెకు పులిపేరు పెట్టి మగవానిగా పెంచుట అను నా ఘట్టము ఏ దేశపు గృహమందైన జరుగునదే.

వీనియన్నిటిలోను శిరోమణి యని మేమెంచునది యోషినాగ ఫుమి 2004 మొదలు 2020 వఱకు రచించిన ‘ఓఓకు’, అనగా అంతఃపురము. 2009లో జపానుదేశమున తెజుకా పేర నిచ్చు బహుమానము దానికి వచ్చినది. జపానును రెండువందలయేబది యేండ్లకు పైగా నేలిన తొకుగావా వంశపు షోగనులు పదునైదుగురును పురుషులే. యోషినాగ ఒక్క కల్పన చేసినది: మగపిల్లలకే సోకు మశూచి వంటి యొక వ్యాధి వ్యాపించి, పురుషుల సంఖ్య నాల్గవవంతునకు దిగినది. మూడవ షోగను ఇయెమిత్సు చనిపోగా, దాది కసుగా ఆ సంగతి దాచి, అతని కూతును బలవంతముగా దెచ్చి, జుట్టు కత్తిరించి, ఇయెమిత్సు అనియే పేరు పెట్టి గద్దెపై కూర్చుండబెట్టును. పిమ్మట పొలములో, అంగడిలో, కొలువులో పనులన్నియు స్త్రీలవే. అంతఃపురములో అందముకై నిలిపినవారు పురుషులు. అధికారము చేతులు మారగానే, స్త్రీస్వభావమని మనమెంచు బెదరు, సింగారము, అసూయ యన్నియు అంతఃపురపు మగవారికి వచ్చిపడును! స్వభావమనుకొన్నది స్థానమని యింతకంటె చక్కగా నే తర్కశాస్త్రమును నిరూపింపలేదు.

అందును మాకు మఱపురానిది పేర్ల ముచ్చట. ఎనిమిదవ షోగనగు యోషిమునె స్త్రీ. రాజ్యము నడుపువారందఱు స్త్రీలైయుండ దస్తావేజులలో మగపేర్లేల వ్రాయవలెనని ఆమెకు సందేహము కలిగి, వృద్ధలేఖకుని పాతవ్రాతలు తెప్పించి చదువును. కథాంతమున షోగనుల రాజ్యము కూలును. స్త్రీలేలిరనుట అవమానమని యెంచి క్రొత్త ప్రభువులు ఆ చరిత్రమును తుడిచివేయుదురు. మగపేర్లే యుండుటచే తుడుచుట యెంతో సులభమైనది! మగపేరు రక్షణ యనుకొన్నాము. అదియే సమాధి యయినది. తుదకు 1871లో అమెరికాకు పోవు నోడపై, చదువుకొనబోవు చిన్నబాలిక చెవిలో, ఈ దేశము నొకప్పుడు స్త్రీలేలిరను రహస్యము చెప్పబడును. ఆ బాలిక సుదా ఉమెకొ. ఓడ నిజము, బాలిక నిజము, ఆనాటికామెకు ఆఱేండ్లు. 1900లో స్త్రీల కాంగ్లవిద్య నేర్పు పాఠశాలను స్థాపించినది. 2024లో అచ్చైన అయిదువేల యెన్ల నోటుమీద నామె బొమ్మ యున్నది. మగపేరుతో గాదు, తన పేరుతోనే.

ఇది కల్పనయని తోసివేయుటకు వీలులేదు. జపాను సింహాసనమును పూర్వము ఎనమండుగురు స్త్రీలు పదిమాఱులు చక్రవర్తినులై యధిష్ఠించిరి. 1889 నాటి చట్టమును, యుద్ధానంతరము 1947లో చేసిన చట్టమును దానిని పురుషులకే కేటాయించినవి. యోషినాగ గ్రంథము చదివిన జపాను బాలిక యీ రెండు సంవత్సరములను వేఱు కన్నులతో చూచునుగదా!

మన చదువరులకిప్పటికే రుద్రమదేవి జ్ఞప్తికి వచ్చియుండును. పుత్రసంతతి లేని కాకతి గణపతిదేవుడు కూతునకు పురుషనామము పెట్టి రాజ్యభారము నప్పగించెను. పెక్కుశాసనములలో నామె రుద్రదేవమహారాజు. చాలకాలము చదువరులు ఆ పేరు చూచి పురుషుడనియే భ్రమించిరి. మోటుపల్లి నాటిని గూర్చి వినినది వ్రాసిన వెనీసు వర్తకుడు మార్కోపోలో, న్యాయపరురాలగు నొక రాణి యేలినదని వ్రాసెను. సముద్రములకావలివాడు స్త్రీ యనెను. మన ఱాయి మగవాడనెను. యోషిమునె సందేహము జపానుదే కాదు.

ఇప్పుడు మరల మా మిత్రుల ముందుగదికి వత్తము. ‘మా అమ్మాయి మాకు కొడుకువంటిది’ అనునది తెనుగిండ్లలో నెంత ముద్దుమాట! దానిని విప్పిచూడుడు. కూతునకు సహజముగా లేని యోగ్యత యేదో యీమెకున్నది గావున పైతరగతికి నెక్కించితిమని దాని యర్థము. కొడుకు చెడిపోయినను కొడుకే. కూతురు మాత్రము బాగుపడిననే కొడుకు. ఆ బిరుదమైనను ఎంతవఱకు? ఇంటిపనిలో తోడ్పడునప్పుడు, జీతము దెచ్చునప్పుడు, ముసలితనమున మందు కొనిపెట్టునప్పుడు కొడుకు. దూరదేశపు చదువు, ఇష్టమైన కొలువు, ఆస్తిలో పాలు అడుగగానే కూతురు. జార్జే సేనాని వరమిచ్చి వెనుకకు దీసికొనబోయినట్లే మనమును చేయుచున్నాము. ఆయన ఫిరంగులకు భయపడెను. మనము పొరుగువారికి భయపడుచున్నాము.

పరులనే తప్పుపట్టి మేము తప్పించుకొనలేము. ఇరువదియేండ్లుగా పాఠములు చెప్పుచు, కఠినమగు లెక్క చేసిన బాలికను ‘మగపిల్లవానివలె చేసితివి’ యని యెన్నిమాఱులు మెచ్చితిమో లెక్కలేదు. ఆ మెప్పు విని ఆ తరగతిలోని తక్కిన బాలికలు ఏమి నేర్చుకొనిరో మేమెన్నడు విచారింపలేదు. లెక్క మగపిల్లలదని నేర్చుకొనిరి. నేర్పినది మేమే.

చట్టము మనకంటె ముందున్నది. 1985నుండి ఆంధ్రప్రదేశములోను, 2005నుండి దేశమంతటను హిందూ కుటుంబపు పిత్రార్జితమున కూతునకు పుట్టుకచేతనే తన స్వంతహక్కుగా పాలు వచ్చునని శాసించిరి, కొడుకువంటిదని నిరూపించుకొనుమనలేదు. సుప్రీముకోర్టు 2021లో నిచ్చిన యుత్తరువుచే రక్షణ అకాడమీ తలుపు తెఱవబడినది. 2022లో బాలికలు చేరిరి. వారి మొదటి జట్టు 2025 మేలో శిక్షణ ముగించుకొని వెలువడినది. వారెవ్వరును పేరు మార్చుకొనలేదు. కసరత్తు చేయునప్పుడు తొడిగినది సైనికుని యుడుపు. మగవాని యుడుపు గాదు. ఈ భేదము మనకు తెలిసిననాడు ఆస్కారు బొమ్మ పెద్దలకు వెగటుగాను కనబడదు, సంస్కర్తకు విగ్రహముగాను కనబడదు. ఒక మనుష్యవ్యక్తి బొమ్మగా కనబడును.

గృహస్థులారా, ఆ పుస్తకమును మీ కుమార్తె చేతినుండి లాగికొనకుడు. మీరును కూర్చుండి చదువుడు. చదివిన పిమ్మట ‘కొడుకువంటిది’ యను మాటను నోటినుండి దింపుడు. కూతును కూతురనియే పిలిచి, కొడుకునకు చేయునదే చేయుడు. మా మిత్రునకు మేమింక వేఱుగా నుత్తరము వ్రాయము; ఈ వ్యాసమే యుత్తరము. అయ్యా, నాడు కాఫీ చాల బాగున్నది. ఆ దరఖాస్తునకై మీ కుమార్తె మీ సమ్మతికి ఎదురుచూచుచున్నది. సమ్మతి నిచ్చి పంపనిండు.